ఇద్దరికే చెల్లే మాట

ప్రియమైన నాన్నకు,

మీరు ఒకప్పుడు వెళ్ళిన ఊరికి క్షేమంగా చేరాను. మీరు చెప్పిన అవ్వ ఇంకా ఉంది. ఈ ఊరి పాత యాస మాట్లాడేవాళ్ళలో ఇక ఆవిడొక్కతే మిగిలింది. మేనల్లుడి ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉంటోంది. చెవులు మందగించినా నోరు మాత్రం నాకంటే చురుకు. పెళ్ళినాటి సంగతులు చెబుతూ "మేమిద్దరం నడిచి వెళ్ళాం" అన్నప్పుడు క్రియ చివర మీ ద్వివచనం, సరిగ్గా ఇద్దరికే వాడే ఆ రూపం, స్పష్టంగా వినపడింది. రష్యన్, పోలిష్ లాంటి స్లావ్ భాషలు చాలావరకు పారేసుకున్న రూపం ఒక ముసలమ్మ నోట్లో బతికే ఉంది. రికార్డు చేశాను.

మీ పిట్ట

పిట్టా,

నీ ఉత్తరం అమ్మ చదివి వినిపించింది. మళ్ళీ చదవమంటే విసుక్కుంది. నా కళ్ళకు అక్షరాలు ఆనడం లేదు, ఇది కూడా తడుముకుంటూ రాస్తున్నాను. కుర్రతనంలో ఆ ఊళ్ళో విన్న ఆ ఒక్క రూపం మీదే నా పుస్తకమంతా నిలబడింది. "విన్నది మీరొక్కరే కదా" అని తోటివాళ్ళు దెప్పేవారు. ఇప్పుడు నువ్వూ విన్నావు. అచ్చుకు పంపేశాను. మనసు తేలికపడిందమ్మా.

ఆశీస్సులతో,
నాన్న

నాన్నా,

ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఆ రూపం మీ పెద్దవాళ్ళూ వాడేవారా అని మాటవరసకు అవ్వనడిగాను. నవ్వింది.

"మా వాళ్ళెవరూ అనలేదమ్మా. కళ్ళద్దాల కుర్రాడొకడు వచ్చాడు. ఇద్దరైతే ఇలాగే అంటారు కదా అని ఒకటే అడగడం. కాదంటే మొహం చిన్నబోయేది. పాపం అంత దూరం నుంచి వచ్చాడని, మా ఆయనా నేనూ సరే అలాగే అన్నాం. తర్వాత అది మా ఇద్దరికీ వేళాకోళమైంది. ఆయన పోయినా నోరు వదల్లేదు."

ఆ కుర్రాడు మీరే నాన్నా. లేచి వచ్చేశాను. దాచేద్దామనుకున్నాను. దాస్తే మీరు నేర్పిన చదువు నాకెందుకు?

మీ పిట్ట

పిట్టా,

చెప్పి మంచిపని చేశావు. వాళ్ళ మర్యాదను నేను వ్యాకరణం అనుకున్నాను. అచ్చు ఆపమని కబురు చేశాను. ఇక ఒక్కటే అడుగుతాను. నేను వెళ్ళకముందు ఆ మొగుడూ పెళ్ళాలు ఇద్దరి గురించి చెప్పేటప్పుడు ఏమనేవారో కనుక్కో. అదేదైనా సరే, నిజం అదే. అది తెలిస్తే నా తప్పు పక్కన రాసిపెట్టి ఊరుకుంటాను. ఆలస్యం చెయ్యకు.

నాన్న

ప్రియమైన నాన్నకు,

మీ ఉత్తరం అందగానే వెళ్ళాను. అప్పటికే అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుని మీ ప్రశ్న అడిగాను. అర్థమైనట్టే ఉంది. పెదవులు కదిపింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మేనల్లుణ్ణి అడిగితే, బడిలో వెక్కిరిస్తారని ఆ యాస నేర్చుకోలేదన్నాడు.

నిన్న పోయింది. భర్త పక్కనే పాతిపెట్టారు. వాళ్ళ యాసలో ఎవరైనా ఒక్క మాటైనా అంటే బాగుంటుందని మేనల్లుడు నన్నే బతిమాలాడు. "ఇద్దరూ హాయిగా నిద్రపోండి" అందామని నోరు తెరిచాను. అనలేకపోయాను నాన్నా. ఇద్దరికి ఏమనాలో నాకు తెలియదు.

మీ పిట్ట