నీ మెగ్నీషియం సంగతి

నిదాల్‌కి నానమ్మ ఆశీస్సులు, ఈసారికి.

నీ ప్రోటీన్ నిర్మాణంలో తప్పుందన్నందుకు నీ విద్యార్థిని రుదైనాని ల్యాబ్ నుంచి పంపేశావట. నీదే ఒప్పని, దాన్ని అచ్చేసిన సైన్సు పత్రికకి నన్ను రాయమన్నావు. "నానమ్మా, స్ఫటికాల విషయంలో నీ మాటంటే వాళ్ళకి గురి" అన్నావు. అందుకే ముందు కొలిచి చూశాను.

మెగ్నీషియం, సోడియం అయాన్లలో ఎలక్ట్రాన్లు సమానం కాబట్టి ఎక్స్-కిరణాలతో తీసిన పటంలో రెండూ ఒకే మచ్చలా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న ఆక్సిజన్ల దూరం కొలిస్తేనే తేడా తెలుస్తుంది. మెగ్నీషియం వాటిని దగ్గరికి లాక్కుంటుంది. నువ్వు మెగ్నీషియం అని రాసిన అయాను వాటికి ఎడంగా కూర్చుంది. అది సోడియమే నాయనా, స్ఫటికం పెంచడానికి నువ్వే కలిపిన ఉప్పు.

ఆ పిల్ల "డాక్టర్ గారూ, అది ఉప్పండీ" అంటే, "నువ్వెళ్ళి కాఫీ పెట్టు" అన్నావట. నిన్న మా ఇంట్లో పెట్టింది. కాఫీ కూడా బాగా పెడుతుంది.

పత్రికకి రాశాను. తప్పు పట్టింది రుదైనా అనీ, ఆమెని వెళ్ళగొట్టింది నువ్వనీ రాశాను. నీ ప్రొఫెసర్ పదవి తేల్చే కమిటీకీ అదే పంపాను.

పదవి వచ్చేసినట్టేనని మీ అమ్మ శుక్రవారం గొర్రె మాంసం, అన్నంతో మన్సఫ్ విందుకి వీధినంతా పిలిచింది. ఆమెకి నువ్వే చెప్పు, కానీ భోజనాలయ్యాక చెప్పు. గొర్రెని కోసేశారు, దాని చావన్నా వృథా కాకూడదు.

నానమ్మ