శుక్రవారం చేతులు

ప్రియమైన అక్కకు,

చెల్లి ప్రేమతో రాస్తున్న ఉత్తరం. నేను క్షేమం. నువ్వూ, బావగారూ, పాపా కులాసాగా ఉన్నారని చదివి సంతోషించాను. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయని రాశావు. ఆ బోసినవ్వు ఫొటో పంపకపోతే మాత్రం ఊరుకోను.

ఈమధ్య నీ ఉత్తరాలకి జవాబు రాయడం లేదని కోప్పడ్డావు. నిజమే. అమ్మ చేత్తో పట్టుకుని చదువుకుంటుందని, ఆసుపత్రిలో డ్యూటీ మీద డ్యూటీ చేస్తూ కూడా నువ్వు పనిగట్టుకుని కాగితం మీద రాస్తావు. నేనేమో ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పేసి చేతులు దులుపుకుంటున్నాను. ఈసారి కాగితమే తీశాను. ఫోన్లో నీ గొంతు వింటే నాకు అబద్ధమే ముందొస్తుంది.

పాత ఆఫీసువాళ్ళు మళ్ళీ పిలిచారా అని అడిగావు. పిలవలేదు, ఇక పిలవరు కూడా. పుస్తకాల పేజీలు దిద్దే మా గదిలో పదకొండు కుర్చీలుండేవి కదా, ఇప్పుడు ఒక్కటే ఉందట. కంప్యూటరు దిద్దిన పేజీలన్నిటికీ ఆ కుర్చీలో కూర్చున్నాయన సంతకం పెడతాడట. మొన్న బ్యాంకు ఫారంలో వృత్తి దగ్గర 'సొంత పని' అని రాస్తే, గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "అంటే ఖాళీనా అమ్మా?" అన్నాడు. ఖాళీయా! ఈ ఖాళీలో నాకు తల గోక్కోవడానికి తీరిక లేదని అక్కడే అరవాలనిపించింది. నవ్వి ఫారం చేతికిచ్చి వచ్చేశాను.

ఆ ఖాళీ పని ఎలా మొదలైందో నీకు పూర్తిగా చెప్పలేదనుకుంటాను. ఉద్యోగం పోయి నేను ఏడుపు మొహంతో కూర్చున్న రోజుల్లో, అమ్మ నా పాత చొక్కా కాలర్ ఊడదీసి, అరిగిన వైపు లోపలికి తిరగేసి కుడుతోంది. ఊరికే ఫోన్లో తీశాను. "నా మొహం తీశావంటే చూడు, తల కూడా దువ్వుకోలేదు," అంది. అందుకని చేతులే తీశాను, పక్కనుంచి మాట నేను చెప్పాను. అది నెట్‌లో పెడితే జనానికి నచ్చింది. అప్పట్నించీ ప్రతి శుక్రవారం పొద్దున పదింటికి ఒక వీడియో: చిరిగిన మోచెయ్యి, ఊడిన జిప్పు, పొట్టయిన లంగా. అమ్మ కుట్టేది, నేను తీసి, కత్తిరించి, అతికించి పెట్టేదాన్ని. ఎవరెవరో 'మా అమ్మ చేతుల్లాగే ఉన్నాయి' అని రాస్తుంటే అమ్మ చదివించుకుని మురిసిపోయేది.

అయితే ఈ పనికి సెలవులుండవక్కా. ఒకసారి జ్వరమొచ్చి రెండు వారాలు పెట్టకపోతే, ఆ తర్వాత నెలరోజులు మా వీడియోలు ఎవరి కంటా పడలేదు. వారం వారం పెట్టినవాళ్ళనే ఆ యాప్ నలుగురికీ చూపిస్తుంది, మానినవాళ్ళని అటకెక్కిస్తుంది. పైన ఆఫీసరు లేడని మొదట్లో సంబరపడ్డాను. ఇప్పుడు శుక్రవారమే నాకు ఆఫీసరు.

ఇక నీ ఉత్తరం చివర రాసిన రెండు మాటలు పదిసార్లు చదువుకున్నాను. "ప్రతి శుక్రవారం అమ్మ చేతులు చూసుకుంటే నాకు కొండంత ధైర్యం. అమ్మ బాగానే ఉంది కదా, ఈ ఏటి సెలవు వచ్చే ఏటితో కలిపి పెడితే ఒకేసారి రెండు నెలలు ఉండొచ్చు, ఏమంటావు?" అన్నావు. కిందే, "ఇస్త్రీపెట్టె మచ్చ పలచబడినట్టుందేం, మందేమైనా రాస్తోందా?" అని అడిగావు. చిన్నప్పుడు నీ చేతిలోంచి జారిన పెట్టె కదా, ఆ మచ్చ నీ కన్ను దాటిపోదు.

మందు కాదక్కా. అవి అమ్మ చేతులు కావు. అయిదు నెలలుగా ఆ చేతులు నావి.

అమ్మ ఉంగరం నా వేలికి వదులు, లోపలివైపు దారం చుట్టి పెట్టుకుంటున్నాను. ప్రతి వీడియోకి ముందు కిటికీ దగ్గర కూర్చుని, కనుబొమల పెన్సిల్‌తో ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ గీసుకుంటున్నాను. చూసేవాళ్ళెవరూ కనిపెట్టలేదు. నువ్వు కనిపెట్టావు, మందనుకున్నావు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ మిషన్ మీద ఉంది, తర్వాత మాట్లాడుతుందిలే" అన్నాను కదా. అమ్మ మిషన్ మీద కూర్చుని అయిదు నెలలైంది. సూదిలో దారం ఎక్కించి చేతికిస్తే, దాన్ని ఏం చేయాలని నన్నే అడుగుతోంది.

మతిమరుపు జబ్బన్నారు. డాక్టరమ్మ మంచిది, మెత్తగా చెప్పింది. "ఇది వెనక్కి రాదమ్మా. చూడాలనుకునేవాళ్ళు ఉంటే త్వరగా రమ్మనండి," అంది. ఆ రోజే నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు ఏడుస్తావని కాదు నా భయం. ఎప్పట్నించి అని అడుగుతావు, అదీ భయం.

ఎప్పట్నించంటే ఏడాది పైనే. ముందు కనిపించింది నాకే. వీడియో కత్తిరించడానికి కూర్చుంటే, కుట్టు మధ్యలో అమ్మ చేతులు ఆగిపోయి ఉండేవి. "ఇప్పుడేం చెయ్యాలే?" అనేది. ఒకసారి చొక్కా కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమవైపు అతికించింది. ఆ ముక్కలన్నీ నేను కత్తిరించి పారేశాను. వీడియో శుభ్రంగా వచ్చేది. ప్రతివారం ఆ ముక్కలు ఎక్కువయ్యాయి, ప్రతివారం ఇంకాస్త కత్తిరించాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని ఒక్కసారీ తోచలేదు. కాదు, తోచింది, ఈ శుక్రవారం గడవనీ అనుకున్నాను. ఒకరోజైతే మూడోసారి ఊడదీయించి, "అంతమంది చూస్తారమ్మా, కాస్త మనసు పెట్టి కుట్టు," అని కసిరాను. అమ్మ బిక్కమొహం వేసి, "పెడుతున్నానే," అంది. ఆ మాట నాలో ఇంకా అరగలేదక్కా. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

పోయిన వారం మన వీడియో ఒకటి పెట్టి చూపించాను, ఏమైనా గుర్తొస్తుందేమోనని. అమ్మ శ్రద్ధగా చూసింది. "ఎవరో పిల్ల, పాపం దారం బిగదీసి లాగుతోంది. వదులుగా పట్టుకోవాలని చెప్పే పెద్దవాళ్ళు లేరు కాబోలు," అంది. నేను వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఈ శుక్రవారం వీడియో ఉండదు. తర్వాతెప్పుడో నా చేతులని చెప్పే పెడతాను. తిట్టేవాళ్ళు తిడతారు, ఉండేవాళ్ళు ఉంటారు. ఈ పని పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నువ్వు మాత్రం సెలవు దాచుకోకు. ఇప్పుడే పెట్టు. రెండు నెలలు వద్దు, పది రోజులు చాలు.

ఎందుకంటే అమ్మకి నువ్వు ఇంకా గుర్తున్నావు. నీ ఫొటో చూపిస్తే మొహం వెలుగుతుంది, "మా పెద్దది" అంటుంది. నేను గుర్తులేను. నిన్న మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే నా గడ్డం పట్టుకుని, "ఎవరి పిల్లవో గాని చల్లగా ఉండమ్మా. మా పెద్దమ్మాయికి ఒక్క కబురు చేసిపెట్టవూ, చూడాలని ఉందని," అని బతిమాలింది.

చేస్తానండీ అన్నాను.

ఇట్లు,
నీ చెల్లి