కూలీల బిల్లు నాడు మన ఎంపీ ఎక్కడ?

నవంబరు 12, రాత్రి

కూలీల బిల్లుకు ఓటెయ్యకుండా ఎగ్గొట్టిన మన ఎంపీని ఉతికి ఆరేస్తూ కరపత్రం రాసి, వన్ టౌన్‌లో కరీం గారి ప్రెస్సుకు తీసుకెళ్ళాను. ‘ఆ రోజు ఈ ద్రోహి ఎక్కడున్నాడు?’ అని పైన పెద్దక్షరాల్లో పెట్టాను.

ప్రూఫు చూస్తూ కరీం గారు తలెత్తారు. “మీ అమ్మాయి పెళ్ళిలో ఉన్నారండీ. శుభలేఖ వేసింది నేనే కదా, తేదీ గుర్తుంది.”

నిజమే! పురోహితుడు లేని దండల పెళ్ళికి అధ్యక్షత వహించమని నేనే ఆ ఎంపీ ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాను. వచ్చి, కూలీల హక్కుల మీద గంటసేపు మాట్లాడాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టిందీ నేనే.

“పోనీ, ఆ ప్రశ్న తీసేద్దామాండీ?”

తీసేసి తప్పించుకుంటే నాకూ ఆ ఎంపీకీ తేడా ఏముంది? ఉంచమన్నాను. కింద ‘మా ఇంట్లో. పిలిచింది నేనే’ అని జవాబు కూడా వేయించాను.

మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. హాల్లో పెళ్ళి ఫోటోలో ఆయన మా ఇద్దరి మధ్యా నవ్వుతూ నిలబడే ఉన్నాడు...