పడవ వెనక తీగ విషయం తేలుస్తూ

పెద్దమ్మాయికీ, అబ్బాయికీ, ఈ కాగితాన్ని అమలు చేయాల్సిన మరిదిగారికీ రాస్తున్నది.

మరిదిగారూ, మీ షుగరు అదుపులో ఉందా? కాలివేలికి దెబ్బ తగిలిందన్నారు, మానిందో లేదో చెప్పలేదు. పెద్దమ్మాయీ, నీ పంటి నొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గుకి ఛాతీ ఫోటో తీయించారా, ఇంకా వాయిదా వేస్తున్నారా? అబ్బాయీ, బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నావా, మరిచిపోయి సాయంత్రం రెండు మింగుతున్నావా? కోడలు కళ్ళజోడు మార్చుకుందా? నా సంగతంటారా, విరిగి అతికిన తుంటి చలికి లాగుతోంది. బుర్ర మాత్రం బాగానే ఉంది. పోయిన వారం డాక్టరమ్మ తేదీ అడిగింది, వారం అడిగింది, వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంది. నలభై నాలుగు దాకా వచ్చాక చాలంది. బుద్ధి స్థిమితంగా ఉందని చీటీ రాసిచ్చింది. దాన్ని దీనికి పిన్ను కొట్టాను. ఊడిపోతుందేమోనని ఇంకో పిన్ను కూడా కొట్టాను.

అందుచేత, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసున్న నేను, తెరచాపలు కుట్టి బతికినదాన్ని, ఐదో తరగతి దాకా చదివినదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా స్వార్జితానికీ మీ నాన్న నాకు రాసినదానికీ ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. అవి చెల్లవు. రెండోది ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు, దొరికితే చింపేయండి.

1. మేడ మీది రెండు గదులూ, కింద తెరచాపల కొట్టూ పిల్లలిద్దరికీ సమానంగా చెందుతాయి. మధ్యలో గోడ కట్టకూడదు. కొట్టు కిటికీ గొళ్ళెం పైకెత్తి తిప్పాలి, లేకపోతే వానకి లోపలికి జల్లు కొడుతుంది.

2. కుట్టుమిషను కోడలికి. నేను గ్యాసు మూడుసార్లు చూసుకుంటానని పక్కింటావిడతో అంది, విన్నాను. మూడు కాదు, నాలుగు. అయినా ఆ మిషను మీద నా తర్వాత చెయ్యి తిరిగింది తనకే. మందం గుడ్డ కుట్టేటప్పుడు సూది మార్చమ్మా, విరిగి కంట్లో పడుతుంది.

3. "చూసి ఇచ్చేస్తాను వదినా" అని మరిదిగారు పంతొమ్మిదేళ్ళ కిందట పట్టుకెళ్ళిన ఇత్తడి దిక్సూచి ఇవాళ్టి నుంచి ఆయనదే. ఇకమీదట నేను వచ్చినప్పుడల్లా బీరువాలో దాచక్కర్లేదు.

4. ఇక పడవ. దీని గొడవ మరిదిగారికి సగమే తెలుసు, మొదటినుంచి రాస్తాను.

తెరచాప కట్టే స్తంభం ముందుకు ఒరగకుండా దాని కొన నుంచి వెనక్కి ఒక స్టీలు తీగ దిగుతుంది. మీ నాన్న పడవ కట్టించినప్పుడు ఆ తీగ సరిగ్గా వెనక కూర్చునే చోటు మధ్యలోకి వచ్చింది. చుక్కాని పట్టినవాళ్ళు కాక ఇంకొకరు అక్కడ కూర్చోవాలంటే వంగి, తీగని తప్పించుకుని, ఒక మూల ఒదగాలి. తుంటి విరిగాక నావల్ల కాలేదు. గట్టు మీదే కూర్చుని మీరు తిరిగొచ్చేదాకా మబ్బులు చూసేదాన్ని.

అప్పుడు పెద్దమ్మాయి రేవులో పడవలకి తీగలు కట్టే మేస్త్రీని తీసుకొచ్చింది. చెయ్యెత్తినా అందనంత ఎత్తులో ఆ తీగను కోశారు. అక్కడ మూడు మూలల పలక ఒకటి బిగించి, దాన్నుంచి రెండు తీగలు పడవ వెనక చెరో మూలకీ దించారు. మధ్యలో చోటు ఖాళీ అయింది. నా కుర్చీ హాయిగా పట్టింది.

అబ్బాయి ఆ రోజే అన్నాడు, "నాన్న పెట్టినదాన్ని కొయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయక్కా" అని. "అమ్మని గట్టు మీద వదిలేసి పొమ్మని కూడా నాన్నే చెప్పాడేంట్రా" అని అక్క అడిగింది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను కాఫీ పెడతానని లేచాను.

తొమ్మిది నెలలు అలా తిరిగాం. తర్వాత ఒకరోజు గాలి పెరిగినప్పుడు ఎడమ తీగ కింది కొసలో, దాన్ని బిగించే మర దగ్గర పుటుక్కున తెగింది. తెగిన కొస అబ్బాయి కనుబొమ మీద కొట్టింది. ఏడు కుట్లు పడ్డాయి. కుడి తీగ ఆపబట్టి స్తంభం పడలేదు. వాడు రెండు తీగలూ పీకేసి, మళ్ళీ మధ్యలో ఒక్కటే బిగించాడు. మేస్త్రీని పడవ దరిదాపులకి రానివ్వలేదు. "అక్క పుణ్యమా అని నా కన్ను పోయేది" అని రేవంతా చెప్పాడు. అక్క పడవ ఎక్కడం మానేసింది, వాడితో మాట కూడా మానేసింది. ఆరేళ్ళయింది. ఆ మేస్త్రీ కట్టిన తీగ కింద నిలబడొద్దని రేవులో చెప్పుకున్నారు. ఆయనకి సగం పని పోయింది.

ఆ తీగ తెగింది పెద్దమ్మాయి వల్ల కాదు. మేస్త్రీ వల్ల కాదు. నా వల్ల.

ఆ మర దానంతట అది విప్పుకుంటుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఎవరూ లేనప్పుడు గట్టు అంచున కూర్చుని చెయ్యి చాపి, పాత తెరచాప గుడ్డ చుట్టి, పైన నల్ల టేపు బిగించాను. వారానికో వరస చుట్టాను. మేస్త్రీయే చుట్టాడని మీరనుకున్నారు. ఉప్పునీళ్ళు లోపలికి దిగి అక్కడే ఉండిపోయాయి. గాలి తగలకపోతే స్టీలు కూడా లోలోపల తుప్పు పడుతుందని నాకు తెలీదు. పడవ ఎడమ పక్కే గట్టుకి ఆనుకుని ఉండేది గనక నా చెయ్యి ఎడమ తీగకే అందింది. కుడిది అందలేదు. అందుకే కుడిది నిలిచింది.

మీరు ఆసుపత్రిలో ఉండగా ఆ టేపు విప్పి చూశాను. లోపలంతా గోధుమరంగు పొడి. టేపు నీళ్ళలో పారేశాను. తెగిన ముక్కని మిషను సొరుగులో పెట్టి తాళం వేశాను. రేపు చెప్దాం అనుకునేదాన్ని. మళ్ళీ వాడి కనుబొమ మీద మచ్చ చూసి, సొరుగు తాళం పడిందో లేదో చూసుకునేదాన్ని.

పోయిన వారం మేస్త్రీని పిలిచి ఆ ముక్క చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఆరేళ్ళూ మీ దగ్గరే ఉందా పెద్దమ్మా" అన్నాడు. తర్వాత, "మా ఆవిడ కూడా నేనే ఎక్కడో తప్పు చేశాననుకుంది" అన్నాడు. కొలత టేపు తీసుకుని పడవ కొలతలు తీసుకోవడానికి వెళ్ళాడు.

5. కాబట్టి పడవ పిల్లలిద్దరికీ చెరి సగం. ఒకరి సగం ఇంకొకరికి తప్ప బయటివాళ్ళకి అమ్మకూడదు. వెనక తీగని ఈ మేస్త్రీ చేతనే మళ్ళీ రెండుగా చేయించాలి. తీగలకి గుడ్డగానీ టేపుగానీ చుట్టకూడదు. మర వదులవకుండా దానికి పిన్ను పెట్టి, కొనలు లోపలికి వంచితే చాలునట. నెలకోసారి చేత్తో తడిమి చూసుకోండి.

6. తెగిన ముక్క అబ్బాయికి. అది పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళి ఏమనాలో వాడే చూసుకోవాలి.

7. మేస్త్రీకి మీ నాన్న పనిముట్ల పెట్టె ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఏదీ రాయకూడదని మరిదిగారు చెప్పారు. పెట్టె కావాలో, సాక్షి సంతకం పెడతాడో మేస్త్రీనే అడిగాను, సంతకమే పెడతానన్నాడు. నాలుగో అంశంలో ఆ తీగ గురించి నేను ఒప్పుకున్నదంతా మరిదిగారు పెద్ద అక్షరాలతో రాయించి రేవు ఆఫీసు బోర్డుకి అంటించాలి.

ఇదంతా నేను పోయాక చదువుకుంటారులే అని కవరులో పెట్టి అంటించాను కూడా. పోయినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేరు కదా. రెండు రోజులు ఆ కవరు చూస్తూ కూర్చుని, చింపాను. మీ ముగ్గురికీ ఇవాళే తలో నకలు పంపుతున్నాను. అనాల్సింది నా ఎదురుగా అనండి.

రెండువేల ఇరవై అయిదు, మార్చి పదకొండు, మంగళవారం.

సంతకం: మీ అమ్మ (అక్షరం వంకరపోయింది, సంతకం నాదే)

సాక్షులు:
1. తీగల మేస్త్రీ
2. డాక్టరమ్మ

సంతకాలయ్యాక రాస్తున్నది: మేస్త్రీ కొత్త తీగలు సిద్ధం చేశాడు. స్తంభం కొన దాకా ఒకరు ఎక్కాలి, కింద ఆ మనిషిని మోసే తాడు ఒకరు పట్టుకోవాలి. కూలీలని తెస్తానంటే వద్దన్నాను. అక్క బరువు తక్కువ, పైకి అదే ఎక్కాలి. తాడు తమ్ముడు పట్టాలి. తాడు ముడి నేను నాలుగుసార్లు చూసుకుంటాను, అయిందాకా అక్కడే కూర్చుంటాను. ఇద్దరూ రండి. ఈ నెల ఇరవై మూడు, ఆదివారం, పొద్దున ఎనిమిదింటికి.