రెండు వేళ్ల వదులు

చిరంజీవి చిట్టితల్లిని పెదనాన్న దీవించి రాయునది,

పంచకర్మకు చేరాను. సుగర్ దిగితేనే కంటి ఆపరేషన్ అన్నారు కదా, దించి తీరతాను. సూదిలో దారం ఎక్కించమని ప్రతిసారీ మీ పెద్దమ్మను పిలవడం నా వల్ల కాదు. ఆవిడ ఎక్కించేలోపు సూటు కుట్టించుకునేవాడి పెళ్లి అయిపోతుంది. రోజూ పొద్దున్నే చేదు మందునెయ్యి తాగిస్తున్నారు. తర్వాత విరేచనాలట. నీ ల్యాబు అడిగిన నడుము కొలతలు వార్డులో పదకొండుమందికీ నేనే తీశాను. నర్సమ్మకు టేపు పట్టుకోవడం కూడా రాదు.

ఇట్లు,
నలభై రెండంగుళాల మీ పెదనాన్న

తా.క.: కొలతల చీటీలో పన్నెండోవాడు వంటాయన. మందునెయ్యి తాగలేదు. దర్జీ కనబడగానే చేతులెత్తి నిలబడ్డాడు, కొలిచాను.

పెదనాన్నకు నమస్కారాలు.

కొలతలు అందాయి. ఇన్సులిన్ వచ్చి తలుపు కొడుతుంది, కొవ్వు పేరుకున్న కణం తలుపు తీయదు, చక్కెర రక్తంలోనే తిరుగుతుంటుంది. ఈ చికిత్సతో కణాలు మాట వింటాయా అన్నదే మా పరిశోధన. చికిత్స అయ్యాక మళ్లీ కొలవండి, ఈసారి ఖచ్చితంగా, టేపు ఒంటికి ఆనించి. డాక్టరు మాత్రలు మానకండి.

మీ చిట్టి

తా.క.: తను పిలిస్తే పలకని మనిషి కణాలు ఎవరి మాట వింటాయని పెద్దమ్మ అడుగుతోంది.

చిట్టితల్లికి,

విరేచనాల రోజు గడిచింది. ఎన్నిసార్లో రాయను, పట్టు మాత్రం విడవలేదు. కొలతలు చూడు. అందరికీ అంగుళమున్నర తగ్గింది.

గెలిచిన పెదనాన్న

పెదనాన్నకు,

మా పెద్దసారు ఎగిరి గంతేసి, కణాల మీద నాలుగు పేజీలు రాసేశారు. సోమవారం పెద్ద సభలో చదువుతారట. కానీ వంటాయనకూ అంగుళమున్నరే తగ్గిందేమిటి? నెయ్యి వాసనకే కణాలు మేలుకుంటాయని సారు ఐదో పేజీ మొదలుపెట్టారు. నాకు భయంగా ఉంది. నిజం చెప్పండి.

మీ చిట్టి

చిట్టితల్లికి,

ఐదో పేజీ ఆపించు. మొదటిసారి టేపు లోపల రెండు వేళ్లు పెట్టి కొలిచాను. కూర్చున్నప్పుడు ప్యాంటు బిగుసుకోకూడదని నలభై ఏళ్లుగా అలాగే కొలుస్తున్నాను. రెండోసారి నువ్వు ఆనించమన్నావని వేళ్లు తీసేశాను. తగ్గినవి నా వేళ్లే తల్లీ. సిగ్గుగా ఉంది.

కానీ సుగర్ కొలిచింది నేను కాదు, కంటి డాక్టరు. దిగింది. గురువారం ఆపరేషన్. మందునెయ్యి దించిందో, మాత్రలు దించాయో, దిండు కింది బిస్కెట్లు నర్సమ్మ లాక్కోవడం దించిందో నువ్వే తేల్చు.

మీ పెదనాన్న

తా.క.: మీ పెద్దసారును ఒకసారి పంపు. నా చేత్తో నేనే దారం ఎక్కించి కుట్టే మొదటి ప్యాంటు ఆయనకే. రెండు వేళ్లూ పెట్టే కొలుస్తాను. ఐదు పేజీలు చింపాక మనిషికి కాస్త ఊపిరాడాలి కదా.