అరటిదొప్ప పొట్లం

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక యానాం పడవ దిగి ఒకావిడ వచ్చింది. నా ముందు ఓ పొట్లం పెట్టింది.

"ఆయన నాకు ఆఖరిసారి ఇచ్చిన కానుకండి. విప్పబుద్ధి కాలేదు. ఆయనే పోయాక నాకెందుకండి?"

ఎండిన అరటిదొప్పను మడిచి, నారతో కట్టి, ముడిలో మొగలిరేకు దోపిన పొట్లం. పేరంటాళ్లకు నేను కానుకలు కట్టే పద్ధతే అది.

"ఎవరు కట్టారు?" అన్నాను.

"ఆయనేనండి. ప్రతిసారీ స్వయంగా కట్టి తెచ్చేవారు."

నాకు మీరు తెచ్చిన చీరలకు ఏనాడూ ఏ కట్టూ లేదు. "ఇలాంటివి నాకు చేతకావే" అనేవారు.

నేను కానుకలు కడుతుంటే ఎదురుగా కూర్చుని చూసేవారు. మీ చూపంతా నా చేతుల మీదేనని ఇవాళ తెలిసింది. నన్ను చూస్తున్నారనుకుని ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను.