ఢిల్లీ గదిలో ముందు లేచిందెవరు

ఢిల్లీ,
శుక్రవారం

రాజేశం అన్నకు,

తమ్ముడు ఓదెలు నమస్కరించి రాస్తున్నాను. నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? వదిన, పిల్లలు బాగున్నారా? బాపుకు రైలు బడలిక తీరిందా? నా గురించి ఫికర్ పెట్టుకోవద్దని అవ్వకు చెప్పు. చలి గట్టిగానే ఉంది గాని ఎంపీ సారు తన పాత స్వెట్టర్ ఇచ్చాడు. ఆయన క్వార్టరు వెనక గదిలోనే ఉంటున్నాను. పొద్దున ఆయనకు వచ్చిన తెలుగు ఉత్తరాలు చదివి వినిపిస్తాను, మధ్యాహ్నం జవాబులు రాస్తాను. రెండు పూటలా గోధుమ రొట్టె, పప్పు. అన్నం ఆదివారమే. బాపు తెచ్చిన మామిడి తొక్కు సగం అయిపోయింది. పక్క గదిలో ఉండే బిహారీ డ్రైవరు కూడా దానికి అలవాటు పడ్డాడు. ఇటు ఎవరైనా వస్తే ఇంకో డబ్బా పంపు. నేను బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. చదివితే మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఇప్పుడు రెండూ తగ్గాయి గనుక రాస్తున్నాను.

బాపు ఊళ్లో బస్సు దిగగానే చాయ్ హోటల్ ముందు నిలబడి "గెలిచినం" అన్నాడని రాశావు. ఆ మాట నమ్మి ఊరంతా భూసేకరణ నోటీసుకు మంచిర్యాల ఆఫీసులో అభ్యంతరాలు రాసివ్వడం మానేసిందని, "ఢిల్లీలనే గెలిచినంక మంచిర్యాలల ఏం పనిరా" అని మల్లేశం కాక అంటున్నాడని రాశావు. అన్నా, ఇక్కడిదాకా చదివి ఉత్తరం పక్కన పెట్టు. పోయి అందరికీ చెప్పిరా. ఆ తర్వాతే మిగతాది చదువు. మనం ఇంకా గెలవలేదు. ఎవరూ ఏదీ తేల్చలేదు. వచ్చే అమాస దాకానే గడువు. ఆలోపు కాగితాలు ఇవ్వకపోతే ఈ ఊరికి ఏ అభ్యంతరమూ లేదని రాసుకుంటారు. బొగ్గు కంపెనీ మన చెలక భూముల్లో మిషన్లు దింపుతుంది.

బాపు అబద్ధమాడలేదు. తాను చూసిందే చెప్పాడు. ఆయన చూసిందేమిటో రాస్తాను.

మన ఊరి అర్జీ ఇక్కడ పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చిన సంగతి నీకు తెలుసు. కొందరు ఎంపీలు ఒక గదిలో కూర్చుని మన మాట, కంపెనీ మాట విని సభకు రిపోర్టు రాస్తారు. తలుపులు మూసే ఉంటాయి. పత్రికలవాళ్లను రానివ్వరు. దీని మీద సారుతో నేను ముందే తగవు పెట్టుకున్నాను. ప్రజల భూమి గురించి ప్రజల చాటున మాట్లాడడం ఏ రకం ప్రజాస్వామ్యమని అడిగాను. సారు చాయ్ తాగుతూనే, "అరే ఓదెలు, తలుపు తెరిస్తె మీ బాపు మాట్లాడుతడా, నువ్వు మాట్లాడుతవా?" అన్నాడు. ఆ రోషంలో ఆ పూట అన్నం మానేశాను. అంటే రొట్టె.

లోపల బాపు ఏం చెప్పాడని ఊళ్లో అడుగుతున్నారట. అది రాయను. బాపు మాట కమిటీ దుబాసీకి సరిగా అందడం లేదని, తర్జుమాకు నన్ను లోపలికి పిలిచారు. రిపోర్టు సభ ముందుకు వచ్చేదాకా సాక్ష్యం బయట చెప్పనని ఒప్పుకున్నాను. ఎవరు కూర్చున్నారో ఎవరు లేచారో సాక్ష్యం కిందికి రాదని నా లెక్క. సారు వింటే ఒప్పుకోడు. ఆయనకు రాయకు.

మేం లోపలికి పోయేసరికి గోడ పక్కన కంపెనీ అధికారులు ఫైళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. బాపు వాళ్లను చూశాడు, రుమాలు సర్దుకున్నాడు, చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. ఒక ముసలమ్మ సభ్యురాలు వెంటనే అడ్డం తగిలింది. ఆమె హిందీలో అన్నదానికి నా తెలుగు ఇది: "తలుపు మూసింది ఎవరికి? ఊరివాళ్లను బయట ఉంచడానికా, కంపెనీని లోపల ఉంచడానికా? ఈయన రేపు పోయి వీళ్ల మధ్యనే బతకాలి. వీళ్లు వింటుంటే నోరెట్లా విప్పుతాడు?" ఇంకో సభ్యుడు లేచి, వెనకటి మీటింగుల్లో కూడా అధికారులు కూర్చున్నారని, అది ఆనవాయితీ అని అన్నాడు. రూల్సు పుస్తకం తెప్పించారు. అధ్యక్షుడు నెమ్మదస్తుడు. "ఈ సంగతి సభ్యులం తేల్చుకుంటాం, సాక్షి కాసేపు బయట కూర్చోవాలి" అన్నాడు.

బాపు నన్ను అడిగాడు.

"ఏమంటుండ్రురా?"

"కొంచెంసేపు బయటికి పొమ్మంటుండ్రు బాపు."

"మరి వాళ్లు?"

"వాళ్లు ఉండాల్నా వద్దా అన్నదే మాట్లాడుకుంటరట."

"అయితె నేనెందుకు లేవాలె? పంచాయితిల ముందు లేచినోడు ఓడినట్టే."

మన చేను హద్దు గెట్టు పంచాయితి నీకు గుర్తుండాలి. పొద్దున కూర్చున్న బాపు దీపాలు పెట్టేదాకా లేవలేదు. అవ్వ జొన్న గట్క కలిపి నీ చేత పంపింది. అవతలివాడు మంచినీళ్లకని లేచాడు, తిరిగి వచ్చేసరికి గెట్టు మనదైంది. బాపుకు తెలిసిన న్యాయశాస్త్రం అది. ఢిల్లీ వచ్చినా మారలేదు.

కుదరదు, నియమం అది అని చెప్పాను. ఆయన వినలేదు. నన్ను దాటి నేరుగా అధ్యక్షుడితోనే తన పాత ఉర్దూలో అన్నాడు: "పైలే ఉనో ఉఠ్నా, బాద్‌మే హమ్." ముందు వాళ్లు లేవాలి, తర్వాతే మేము. దానికి నా తర్జుమా అవసరం పడలేదు.

అక్కడి నుంచి కొత్త తగవు మొదలైంది. ఇంకా ప్రమాణం చేయలేదు గనుక ఈయన సాక్షే కాడని ఒకాయన వాదన. సాక్షి కాకపోతే లోపల ఉండడమే తప్పని ఇంకొకాయన. సాక్షి కానివాడు అధ్యక్షుడి మాట వినాలని ఏ రూలులో ఉందని ముసలమ్మ. పుస్తకం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతోంది. అధికారుల్లో పెద్దాయన నవ్వాడు. అన్నా, నీకు నా సంగతి తెలుసు. దిగ్గున లేచి, "ఈ భూమి మాది, నవ్వడానికి మీకు" అని ఏదో మొదలుపెట్టాను. బాపు నా చొక్కా వెనక నుంచి పట్టి గుంజాడు.

"కూసోరా! మన దిక్కునుంచి నువ్వే లేస్తివి గదరా!"

కూర్చున్నాను. తర్జుమాదారు తర్జుమా మాత్రమే చేయాలని అధ్యక్షుడు అన్నాడు. దాన్నీ బాపుకు తర్జుమా చేయాల్సి వచ్చింది. "మంచిగన్నడు" అన్నాడు బాపు.

చివరికి చేతులెత్తించారు. ఎక్కువమంది ముసలమ్మ వైపు ఎత్తారు. అధికారులు బయటికి పోవాలని, వాళ్ల వంతు వచ్చినప్పుడు పిలుస్తారని తేలింది. వాళ్లు ఫైళ్లు సర్దుకుని లేచారు. తలుపు మూసుకునేదాకా బాపు అటే చూశాడు. అప్పుడు నా చెవిలో, "అయిపాయె. గెలిచినం" అన్నాడు. ఇది నేను కమిటీకి తర్జుమా చేయలేదు.

ఆ తర్వాత ప్రమాణం చేసి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో రాయనన్నాను, రాయను. భయపడకుండా మాట్లాడాడని మాత్రం రాయొచ్చు. వాళ్లు గోడ పక్కన ఉంటే ఆ మాటలు వచ్చేవి కావు. మూసిన తలుపు గురించి సారు అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. తలుపు మూస్తున్నారంటే ముందు లోపల మిగిలిందెవరో చూస్తాను. నా ఆలోచన అంతవరకే వచ్చింది.

మాది ముగిశాక మమ్మల్ని పంపి వాళ్లను పిలిచారు. ఈసారి బాపు సంతోషంగా లేచాడు, ఆయన లెక్కలో పంచాయితి అయిపోయింది గనుక. వాళ్లు లోపల ఏం చెప్పారో మనకు తెలియదు. రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా అది సిఫారసే. సర్కారు వినొచ్చు, వినకపోవచ్చు. ఇదంతా స్టేషన్‌లో బాపుకు చెప్పాను. "సదువుకున్నవు గని నీకు పంచాయితి తెల్వదు బిడ్డా" అని రైలెక్కాడు. ఆయన పోయాక గది బోసిపోయినట్టుంది. రెండు రోజులకు అలవాటైంది. బాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించు. గెలవలేదు అన్నచోట గొంతు తగ్గించకు. తిడతాడు, తిట్టనీ. తర్వాత ఒక్కటే అడుగు: వాళ్లు ఢిల్లీ గదిలో లేచారు సరే, మన చెలకల కాడ లేచారా? అది ఆయనకు అర్థమవుతుంది. ఇంటికొక అభ్యంతరం రాయించు, సర్వే నంబర్లు తప్పు పోకుండా చూడు. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకో. మల్లేశం కాక రానంటే బాపునే ఆయనింటికి పంపు. అమాస దాటనివ్వకండి.

అవ్వ, బాపుల కాళ్లకు మొక్కినట్టు చెప్పు. కాకకు, చిన్నవ్వకు దండాలు. వాళ్ల దీవెన నాకు కావాలి. పిల్లలను బడి మాన్పించకు.

మంచిర్యాలకు బాపును తప్పకుండా తీసుకుపో. ఆ ఆఫీసులో మనవాళ్లకు కుర్చీలు వేయరు, వరండాలో నిలబెట్టి మాట్లాడతారు. నిలబడ్డవాణ్ణి పంపించేయడం తేలిక. ఇంటి నుంచి పీట పట్టుకుపొండి.

నీ తమ్ముడు
ఓదెలు